ఆయన నడిచిన పట్టాల మీదుగా మనవరాలి నిశ్చితార్థానికి

గురువారం, విశాఖపట్నం నుంచి బొర్రా

మా పెద్దబ్బాయి కూతురికి సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్లది జగదల్‌పూర్. తెలుగువాళ్లే. తాతగారి కాలంలో బైలదిల్లా ఇనుప గనుల్లో పనికి వెళ్లి అటువైపే స్థిరపడ్డారు. అబ్బాయి బ్యాంకు ఉద్యోగి. మా మనవరాలు ఫిజియోథెరపీ చదివి విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. మూఢం మొదలయ్యేలోపు నిశ్చితార్థం కానిచ్చేద్దామని రెండు వైపులా అనుకున్నారు. మార్గశిరం వచ్చిన తొలి ఆదివారం, వాళ్ల ఊళ్లోనే ఖాయమైంది.

కారులో పొద్దున్నే బయలుదేరితే రాత్రికి చేరిపోతామన్నాడు మా అబ్బాయి. రైల్లోనే వెళ్దామని, అదీ పగటి బండిలో, మధ్యలో ఆగుతూ వెళ్దామని నేను పట్టుబట్టాను. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సాగే ఆ కేకే లైను మీదే మా ఆయన ఉద్యోగమంతా గడిచింది. 1967లో ఖలాసీగా చేరారు. ఆపైన పట్టాల మరమ్మతు చూసే గ్యాంగ్‌మన్ అయ్యారు, పట్టాల బిగింపు చూసే కీమ్యాన్ అయ్యారు, చివరికి గ్యాంగు మేస్త్రిగా 2004లో రిటైరయ్యారు. 2019 వేసవిలో పోయారు.

ఆ ఉద్యోగం ఎలాంటిదంటే, ఇంట్లో శుభం జరిగినా అశుభం జరిగినా ఆ మనిషికి తెలిసేది అందరికంటే ఆఖరున. కొండల్లో ఎక్కడో పట్టాల మీద ఉన్నవాడికి కబురు ఎవరు తీసుకెళ్తారు? వాళ్లమ్మ పోయిన సంగతి మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆయనకు అందలేదు. పెద్దాడు పదో తరగతి పాసైన విషయం ఊరంతా తెలిశాక ఆయనకు తెలిసింది. అందుకని సాయంత్రం డ్యూటీ దిగి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే ఆ రోజు సంగతులన్నీ వరసగా చెప్పడం నాకు అలవాటు. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా వినేవారు, అంతా అయ్యాక "ఇంకా?" అనేవారు. పోయిన ఈ ఏళ్లలో చెప్పాల్సినవి ఎన్నో పోగుపడ్డాయి. పటం ముందు నిలబడి చెప్పుకుంటే నాకు చెప్పినట్టే ఉండదు. ఆయన నడిచిన చోటికి వెళ్లి చెప్పాలని మనసులో ఉంది. మనవరాలి సంబంధం ఆ దారికే కుదరడంతో ఆ కోరిక తీరే వీలు దొరికింది.

నాతో పెద్దబ్బాయి, కోడలు, పెళ్లికూతురు, దాని తమ్ముడు వచ్చారు. విజయవాడ నుంచి మా అమ్మాయి ముందురోజే వచ్చి చేరింది. చిన్నబ్బాయికి రూర్కెలా ఉక్కు కర్మాగారంలో సెలవు దొరకలేదు. కిరండూల్ బండి ఉదయం ఏడు కాకముందే విశాఖపట్నంలో కదులుతుంది. అద్దాల పైకప్పు ఉన్న పెట్టెలో ఎక్కుదామని మనవడికి ఉండింది కానీ అందులో చోటు దొరకలేదు. నాకు మాత్రం తలుపు దగ్గరికి వెళ్లి నిలబడగలిగే మామూలు పెట్టే హాయి.

సింహాచలం స్టేషను దాటుతుంటే అప్పన్నకు దండం పెట్టుకున్నాను. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే స్వామి, అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూపంతో దర్శనమిస్తాడు. మా పెళ్లయిన ఏడాది ఆ దర్శనానికి తీసుకెళ్తానని మా ఆయన మాట ఇచ్చారు. సెలవు దొరకలేదు. ఆ తరువాత ఏ ఏడూ దొరకలేదు. రిటైరైన మరుసటి ఏడాది అర్ధరాత్రి నుంచి వరసలో నిలబడి ఇద్దరం చూసొచ్చాం.

కొత్తవలస దాటాక బండి ప్రధాన మార్గాన్ని వదిలి కొండల వైపు తిరుగుతుంది. శృంగవరపుకోట, బొడ్డవర, అక్కడి నుంచి ఘాటు. శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. మనవడు ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. మొత్తం లైనులో 58 సొరంగాలని మా ఆయన చెప్పేవారు. 1960ల్లో జపానుకు ఇనుప ఖనిజం ఎగుమతి చేయడానికి ఈ మార్గం వేశారు. దండకారణ్యం, బోలంగీర్, కిరిబూరు పేర్లు కలిపి ఆ ప్రాజెక్టును డీబీకే అనేవాళ్లు. పాతవాళ్ల నోట ఇప్పటికీ అదే మాట. బైలదిల్లా కొండ మీద తవ్విన ఖనిజం ఈ సొరంగాల్లోంచి దిగి విశాఖపట్నం రేవు చేరుతుంది.

సొరంగం గోడల్లో అక్కడక్కడా మనిషి పట్టేంత గూళ్లు ఉంటాయి. లోపల పని చేస్తుండగా బండి వస్తే అందులోకి తప్పుకోవాలి. కొత్తలో ఒకసారి మా ఆయన నన్ను ఒక గూట్లో నిలబెట్టి చూపించారు. ఖనిజం బండి వెళ్తుంటే గాలికి చీర ఒంటికి అతుక్కుపోయింది, చెవులు గింగురుమన్నాయి. ఆయన చెయ్యి అడ్డంగా నా ముందు పెట్టి ఉంచారు. ఈ సంగతి చెప్తుంటే పెళ్లికూతురు ఫోను పక్కన పడేసి, కళ్లు పెద్దవి చేసుకుని వింది.

చిమిడిపల్లిలో క్రాసింగు కోసం బండి ఆపారు. పైనుంచి ఖనిజం బండి దిగుతోంది. రెండో లైను పనులు అక్కడక్కడా సాగుతున్నాయి కానీ మా బండి ఆగాల్సిన చోట ఆగక తప్పలేదు. ఆగినందుకు నాకు ఎంత సంతోషమో! అబ్బాయి భుజం పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లాను. పట్టాలకు కాస్త ఎగువన మేముండిన గ్యాంగు క్వార్టర్ల వరస ఉండేది. ఒక గోడ, దాని పక్కన పనస చెట్టు కనిపించాయి. అమ్మాయి నా వెనకాలే వచ్చి, "ఇక్కడేనా అమ్మా?" అంది. ఇక్కడే. 1972 ఆగస్టులో అది పుట్టింది ఆ గోడ వెనకే.

ఆ రాత్రి వాన గురించి ఎంత చెప్పినా తక్కువే. నాలుగు రోజులుగా ఎడతెగకుండా కురుస్తోంది. వానాకాలంలో కొండ చరియలు విరిగి పట్టాల మీద పడతాయి కాబట్టి రాత్రంతా పెట్రోలింగు ఉంటుంది. మా ఆయన లాంతరు, ఎర్రజెండా, డిటోనేటర్ల డబ్బా పట్టుకుని చీకటి పడకముందే వెళ్లారు. నాకు నొప్పులు మొదలయ్యే సరికి రాత్రి పది. ఆసుపత్రికి శృంగవరపుకోటకు వెళ్లాలంటే బండి లేదు. పక్క క్వార్టరు ఆవిడ వానలోనే దిగువ గూడేనికి మనిషిని పంపి ఒక పెద్దావిడను పిలిపించింది. ఆవిడ భాష నాకు సగమే అర్థమైంది, కానీ ఆవిడ చేతులకు ఏం చేయాలో బాగా తెలుసు. తెల్లవారుజామున పిల్ల పుట్టింది.

అదే సమయానికి అక్కడికి మూడు మైళ్ల దూరంలో ఒక బండరాయి పట్టాల మీద పడింది. ఒంటరి మనిషి దాన్ని కదల్చలేడు. చేయాల్సిందల్లా బండిని ఆపడం. రాయి దగ్గర నుంచి ఎర్ర దీపం చూపిస్తూ పరుగెత్తి, ఆరు వందల మీటర్ల దగ్గర పట్టా మీద ఒక డిటోనేటరు, పన్నెండు వందల మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు బిగించాలి. ఇంజను చక్రం వాటి మీదికి రాగానే పేలతాయి, డ్రైవరు ఆపేస్తాడు. ఈ అంకెలు నాకు నోటికి వచ్చు. మా ఆయన పరీక్షకు చదువుతుంటే పుస్తకం పట్టుకుని ఒప్పజెప్పించుకున్నది నేనే. ఆ రాత్రి ఆ జారే రాళ్ల మీద అవన్నీ చేసి, రాయి తొలగించి లైను తెరిచేదాకా అక్కడే ఉండి, మర్నాడు మధ్యాహ్నం ఇంటికొచ్చారు. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి పిల్ల ఏడుపు విని, లోపలికి రాకుండా ముందు నూతి దగ్గరికి వెళ్లి స్నానం చేసి వచ్చారు. అప్పుడు పిల్లను ఎత్తుకుని, "నాకు ఎవరూ చెప్పలేదే" అన్నారు. ఆ గొంతులో బాధ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఖనిజం బండి పెట్టెలు ఒకదాని వెనుక ఒకటి దిగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడులో నా మాట ఎవరికీ వినిపించదు. ఆయనకు చెప్పాల్సినవి చెప్పాను. చిమిడిపల్లిలో పుట్టిన పిల్లకు ఇప్పుడు మనవరాలు పుట్టింది, పుణెలో ఉంది, ఆషాఢంలో పుట్టిన పాప, పేరుకు మీ అమ్మ పేరు కలిపారు. చిన్నాడికి గుండెలో స్టెంటు వేశారు, ఇప్పుడు బాగున్నాడు, బీడీ మానేశాడు. మీ తమ్ముడు పోయిన ఏడు మాఘంలో కాలం చేశాడు, చివరి రోజుల్లో మిమ్మల్నే తలుచుకున్నాడు. కోటలో ఇంటికి పైన ఒక అంతస్తు వేశాం. పెద్దాడికి జుట్టంతా నెరిసి అచ్చం మీలాగే ఉన్నాడు. వాడి కూతురికి పెళ్లి కుదిరింది. అన్నీ చెప్పాను. బండి కదిలింది.

బొర్రాలో దిగాం. గుహలకు మెట్లు చాలా ఉన్నాయి. కోడలు వద్దంది కానీ మనవడి చెయ్యి పట్టుకుని మొదటి పెద్ద హాలు దాకా దిగాను. రంగు దీపాలు పెట్టారు. సున్నపురాయి పైనుంచి వేలాడుతూ, కింది నుంచి మొలుస్తూ, కొన్నిచోట్ల రెండూ కలిసి స్తంభాలైపోయాయి. ఇదే కొండల్లో గోస్తని పుట్టి, తాటిపూడి మీదుగా భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైకప్పులోని కన్నంలోంచి ఆవు పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన కాపరికి లోపల శివలింగం కనిపించిందని ఇక్కడివాళ్ల కథ. రైలు పట్టాలు ఈ గుహల పైనుంచే పోతాయి. ఏళ్ల తరబడి పైన నడిచిన మా ఆయన, ఒక సంక్రాంతికి నన్ను కిందికి తీసుకొచ్చి దివిటీ వెలుగులో చూపించారు. అప్పుడు ఈ దీపాలేమీ లేవు. దివిటీ పట్టుకున్న గిరిజన కుర్రాడు ఎటు తిప్పితే అటే లోకం. నాకు అదే బాగుండేది.

శుక్రవారం, సిమిలిగూడ, అరకు

నిన్న సాయంత్రమే కారు మాట్లాడుకుని అనంతగిరి మీదుగా అరకు చేరాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. మేమున్న రోజుల్లో ఇదంతా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది.

ఉదయం మంచు విడవకముందే సిమిలిగూడ స్టేషనుకు తీసుకెళ్లమన్నాను. సముద్ర మట్టానికి 996 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. బ్రాడ్‌గేజ్ మార్గంలో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషనుగా చాలాకాలం దీనికే పేరు. కాశ్మీరులో రైలు వచ్చాక ఆ పేరు అటు వెళ్లింది. మా ఆయన మేస్త్రి అయింది ఇక్కడే. అప్పటికి పిల్లలు కోటలో చదువుకుంటున్నారు, నేను వాళ్లతో ఉండేదాన్ని, ఆయన ఇక్కడ. శనివారం రాత్రి బండికి వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోయేవారు.

స్టేషను చివర ఒక కుర్రాడు కనిపించాడు. నారింజ రంగు చొక్కా, భుజాన సుత్తి, సంచిలో రెండు జెండాలు. ఇప్పుడు ట్రాక్ మెయింటెయినర్ అంటున్నారు కానీ పని చూస్తే కీమ్యాన్ పనే. పార్వతీపురం వైపు అబ్బాయి. మా ఆయన ఈ లైనులోనే చేశారని చెప్పగానే సుత్తి కింద పెట్టి నమస్కారం చేశాడు. "ఒకసారి కొట్టి వినిపించు నాయనా" అన్నాను. కొట్టాడు. ఆ శబ్దంలో తేడా నాకు ఇంకా తెలుస్తుంది. బిగువుగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే మొద్దుగా పలుకుతుంది. ఆ రోజుల్లో పట్టాను పట్టి ఉంచేవి 'కీ' అనే ఇనుప చీలలు. బండ్ల అదురుకు సడలేవి. పొద్దున్నే ఒక పట్టా వెంట వెళ్లి, వచ్చేటప్పుడు రెండో పట్టా వెంట రావాలి. ప్రతి కీనీ చూడాలి, సడలినదాన్ని కొట్టి బిగించాలి. ఇప్పుడు వంపు తిరిగిన స్ప్రింగు క్లిప్పులు వేస్తున్నారు, అంత తొందరగా ఊడవట. అయినా నడక మాత్రం తప్పదన్నాడు.

మా ఆయనకు ఈ నడక వల్ల ఒక అలవాటు వచ్చింది. రిటైరయ్యాక కూడా రోడ్డు మీద నేల చూస్తూనే నడిచేవారు. ఎదురుగా వచ్చే చుట్టాలను పలకరించేవారు కాదు, వాళ్లకు కోపాలు వచ్చేవి. నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ కుర్రాడు చొక్కాకు తగిలించుకున్న చిన్న యంత్రం చూపించాడు. జీపీఎస్ అట. మనిషి ఎక్కడున్నదీ ఆఫీసులో తెలుస్తుంది, ఆపద వస్తే మీట నొక్కితే పైవాళ్లకు కబురు వెళ్తుంది. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. వానాకాలపు రాత్రుల్లో లాంతరు పట్టుకుని వెళ్లిన మనిషి ఎక్కడున్నాడో తెలియక, సొరంగం వైపు చూస్తూ కూర్చున్న ఆడవాళ్లం ఆ క్వార్టర్లలో ఎందరమో ఉండేవాళ్లం. ఇలాంటిది వచ్చినందుకు నిజంగా సంతోషించాను. "మీ ఇంట్లోవాళ్లు ఎక్కడుంటారు?" అని అడిగాను. భార్యకు ఎనిమిదో నెల అట, పుట్టింట్లో ఉందట. "ఫోను పక్కనే పెట్టుకో" అని చెప్పి, మాకు తెచ్చుకున్న అరిసెల పొట్లం చేతిలో పెట్టాను.

అరకులో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట చూశారు పిల్లలు. రెండో ప్రపంచ యుద్ధం నాడు సైనికులకు కూరగాయలు పండించడానికి ఆ తోట వేశారట. నేను లోపలికి వెళ్లలేదు, పొలం గట్టున కూర్చున్నాను. ఎదురుగా కొండ వాలంతా నూనెగింజల పంట వలిసె పూసి పసుపు పచ్చగా ఉంది.

వలిసె పూత అందరికీ అందమే. నాకు ఆ పసుపులో ఇంకో సంగతి ఉంది. వానలు పూర్తిగా వెనక్కి తగ్గాకే అది విరగబూస్తుంది. అంటే రాత్రి పెట్రోలింగు అయిపోయినట్టే, ఆయన రాత్రుళ్లు ఇంట్లో పడుకునే రోజులు వచ్చినట్టే. కార్తీకం, మార్గశిరం, పుష్యం, ఈ మూడు నెలలే మాకు సంసారం. పొలం వాళ్లను అడిగి ఒక రెమ్మ తెంపి తెచ్చి క్వార్టరు గుమ్మానికి గుచ్చేవారు. ఏటా అదే గుమ్మం, అదే చీల. మాటలతో ప్రేమ చూపించడం ఆ మనిషికి రాదు. ఆ రెమ్మ గుమ్మానికి కనిపిస్తే నాకు పండగ.

శనివారం, అరకు నుంచి జగదల్‌పూర్

మళ్లీ కిరండూల్ బండే ఎక్కాం. గోరాపూర్ దాటాక ఒడిశా. పాడువా, మచ్‌కుండ్ రోడ్, కోరాపుట్, జయపురం. స్టేషన్ల పేర్ల బోర్డుల మీద లిపి మారుతూ పోయింది. కోరాపుట్ దాటాక మళ్లీ సొరంగాలు. ఇటువైపు మా ఆయన పని చేయలేదు, నాకూ కొత్తే.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే పెళ్లికూతురు వచ్చి నా పక్కన కూర్చుంది. "మామ్మా, నువ్వూ తాతయ్యా పోట్లాడుకునేవాళ్లా?" అని అడిగింది. దానికి నేను అబద్ధం చెప్పదలుచుకోలేదు. పోట్లాడుకునేవాళ్లం. ఆయనకు కోపం వస్తే రెండు రోజులు మాట ఉండేది కాదు. అన్నం మాత్రం మానేవారు కాదు, పెట్టినంత తిని పళ్లెం కడిగి పెట్టేవారు. ఒకసారి జీతం డబ్బులు తోటి గ్యాంగ్‌మన్‌కు అప్పిచ్చి నాకు చెప్పలేదు. నెలంతా గంజి తాగాం. అప్పుడు నేనే వారం రోజులు మాట్లాడలేదు. ఆ తోటివాడి బిడ్డకు జబ్బు అని, ఆ డబ్బుతోనే విశాఖపట్నం పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు తీసుకెళ్లారని తరువాత ఆ పిల్ల తల్లే వచ్చి చెప్పింది. అయినా నా కోపం న్యాయమైనదే. ఇవ్వొద్దని నేను అనేదాన్నా? చెప్పి ఇస్తే ఏం పోయింది? "డబ్బు సంగతి దాచుకోకండి, ఇద్దరూ" అని మనవరాలితో అన్నాను.

అది అసలు భయం అప్పుడు బయటపెట్టింది. జగదల్‌పూర్ వస్తే ఉద్యోగం ఏమవుతుందో అని. అబ్బాయిని అడిగిందట, అక్కడ కూడా ఆసుపత్రులున్నాయి, నీ ఇష్టం అన్నాడట. ఇష్టం అన్నమాట చాలదు, పెద్దవాళ్ల ఎదుట తేల్చుకోవాలని నాకు అనిపించింది. చదువుకున్న పిల్ల చేతిలో పని వదులుకుని కూర్చుంటే నాలుగేళ్లకు ఆ చేతికి పని మరుపొస్తుంది. రేపు నేనే అడుగుతానన్నాను. నా భుజం మీద తల పెట్టి జయపురం వచ్చేదాకా నిద్రపోయింది.

సాయంత్రానికి జగదల్‌పూర్ చేరాం. స్టేషనుకు అబ్బాయి, వాళ్ల నాన్న వచ్చారు.

ఆదివారం, నిశ్చితార్థం

వాళ్లిల్లు పెద్దదే. వాకిట్లో పందిరి వేశారు. ఒక పక్క తెలుగు, ఒక పక్క హిందీ, పనివాళ్లతో బస్తర్ వాళ్ల భాష హల్బీ. పెళ్లికొడుకు నాయనమ్మది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్లయి బైలదిల్లా వెళ్లిపోయాక పుట్టింటికి వెళ్లింది తక్కువేనట, కానీ ఆ యాస మాత్రం పోలేదు. ఆవిడ భర్త కిరండూల్‌లో ఖనిజం లోడింగు దగ్గర పనిచేసి, ఆయన కూడా కొన్నేళ్ల కిందట పోయారు. ఆయన నింపి పంపిన పెట్టెలు మా ఆయన బిగించిన పట్టాల మీద నడిచాయి. ఒకరికొకరు తెలియకుండానే ఏళ్ల తరబడి ఒకే పని చేశారు. ఆ మాట నేను అంటే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తాంబూలాలు మార్చుకునే వేళకు ముత్తయిదువలంతా ముందుకు వెళ్లారు. నేనూ ఆవిడా వెనక గోడ వార కుర్చీల్లో కూర్చున్నాం. మమ్మల్ని ఎవరూ వెళ్లమనలేదు. ఎక్కడ కూర్చోవాలో మాకే అలవాటైపోయింది. లగ్నపత్రిక చదవడం అయ్యాక పిల్లా పిల్లవాడూ పెద్దల అక్షింతల కోసం లేచారు. మనవరాలు నేరుగా మా దగ్గరికి వచ్చి, "ముందు మీరిద్దరే" అని మమ్మల్ని పందిట్లోకి నడిపించింది. ఎవరో ఒకావిడ ఏదో గొణిగింది. మా పెద్దబ్బాయి అటు తిరిగి, "మా నాన్న ఉన్నా ఇదే చేసేవారండీ" అన్నాడు.

నిజమే. 1993లో మా అమ్మాయి పెళ్లిలో మా అత్తగారి చెల్లెలు, చిన్నప్పుడే భర్త పోయిన మనిషి, వంటింటి గుమ్మం దాటి రాలేదు. మా ఆయన పీటల మీంచి లేచి వెళ్లి ఆవిడను తీసుకొచ్చి, పిల్ల తల మీద మొదటి అక్షింతలు ఆవిడ చేతే వేయించారు. పురోహితుడు మంత్రం ఆపేశాడు. "కానివ్వండి పంతులుగారూ, ఆవిడ చేతుల్లోనే నేను పెరిగాను" అన్నారు మా ఆయన, అంతకు మించి ఒక్క మాట లేదు. ఆ రోజు నేను భయపడ్డాను, చుట్టాలు ఏమంటారోనని. ఇవాళ నా చేతిలో అక్షింతలు పెట్టుకుని మనవరాలి తల మీద చెయ్యి పెట్టినప్పుడు, ఆవిడకు ఆనాడు ఏమనిపించి ఉంటుందో తెలిసింది. ఈ సంగతి నా పిల్లలకు తెలిసినా మనవలకు తెలియదు. వాళ్లు చూసింది మంచం మీద పడుకున్న తాతయ్యను. పట్టాల మీద పరుగెత్తినవాడిని, పీటల మీంచి లేచినవాడిని వాళ్లు చూడలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

భోజనాలయ్యాక ఉద్యోగం మాట నేనే ఎత్తాను. వియ్యంకుడుగారు ఆలోచించి, ఊళ్లో తెలిసిన డాక్టరు దగ్గర ఫిజియోథెరపీ కేంద్రం ఉందని, తనే వెళ్లి మాట్లాడతానని అందరి ఎదుటా చెప్పారు. వియ్యపురాలు, "పని మానమని ఎవరం అనం" అంది. మనవరాలి మొహం చూడాలి అప్పుడు!

వాళ్లు మాకు బస్తర్ డోక్రా పనివాళ్లు చేసిన దీపపు సెమ్మె పెట్టారు. మట్టి ముద్ద మీద మైనపు తీగలతో రూపం అల్లి, పైన మళ్లీ మట్టి పూసి, కాల్చితే మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. అచ్చు పగలగొట్టి తీస్తారు కాబట్టి ఒకటి చేసినట్టు ఇంకోటి ఉండదు. తీగ మీద తీగ చుట్టిన ఆనవాళ్లు ఆ లోహంలో వేలికి తగులుతున్నాయి.

సోమవారం, దంతేశ్వరి గుడి, చిత్రకోట్

పొద్దున రాజుగారి కోట పక్కనున్న దంతేశ్వరి అమ్మవారి గుడికి వెళ్లాం. ఓరుగల్లు 1323లో పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశపు కథ. అమ్మవారు అతని వెంట నడిచిందట, వెనక్కి తిరిగి చూడొద్దని షరతు. శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఇసుకలో గజ్జెల చప్పుడు వినిపించక అతను తిరిగి చూశాడు. అమ్మ అక్కడే ఆగిపోయింది, అదే దంతేవాడ. జగదల్‌పూర్‌లో దసరా 75 రోజులు చేసేది ఈ అమ్మవారికే. రథం లాగడం చూడ్డానికి వచ్చే ఏడాది రమ్మని వియ్యపురాలు పిలిచింది.

చిత్రకోట్ జలపాతం దగ్గర పిల్లలు చాలాసేపు ఆడుకున్నారు. ఇంద్రావతి గుర్రపు నాడా ఆకారంలో విచ్చుకుని దాదాపు 30 మీటర్ల లోతుకు దూకుతుంది. వానల్లో అయితే నీళ్లు ఎర్రగా ఉండి ఒడ్డు నుంచి ఒడ్డు దాకా పడతాయట. ఈ నది చివరికి మన గోదావరిలోనే కలుస్తుంది. కాబోయే దంపతులు కాస్త ఎడంగా బండల మీద కూర్చుని మాట్లాడుకున్నారు. మేమెవరం అటు వెళ్లలేదు.

రాత్రి బండికి తిరుగు ప్రయాణం. స్టేషనులో బండి కోసం చూస్తుండగా పెళ్లి ఏర్పాట్ల మాట వచ్చింది. మూఢం వెళ్లేదాకా ముహూర్తాలు లేవు, ఫాల్గుణంలో పెట్టుకున్నారు. శృంగవరపుకోటలో మా ఇంట్లోనే పెళ్లి. మగపెళ్లివారిని బస్సుల్లో రప్పిద్దామని మా అబ్బాయి అన్నాడు. నేను కాదన్నాను. పగటి బండిలో వస్తే సాయంత్రానికి కోటలో దిగుతారు, ముసలివాళ్లకు ఘాటు మలుపుల్లో తల తిరగడం ఉండదు. పెళ్లికొడుకు నాయనమ్మ వెంటనే, "రైలే బాగుంటుంది వదినా, మా ఆయన పంపిన బండ్లు వెళ్లిన దారి ఎలా ఉంటుందో నేనూ చూస్తాను" అంది. దాంతో మాట ఖాయమైంది. టిక్కెట్లు అరవై రోజుల ముందు నుంచే ఇస్తారు కాబట్టి, ఏ రోజు పొద్దున అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చోవాలో మనవడు లెక్కకట్టి గుర్తు పెట్టుకున్నాడు. చిన్నబ్బాయికి ఫోను చేసి సెలవు ఇప్పటి నుంచే అడగమని చెప్పాను. అడుగుతానన్నాడు.